కొమ్ముదీర్ఘం

బరంపురం కొట్లో రెండున్నాయి.
ఒకటి బొమ్మల పుస్తకంలో.
నా చేతివాటానికి పుట్టిందే,
కలకత్తా నుంచి రావాలి, ఆరు వారాలు.
ధర చెప్పేముందు కొట్టువాడు నాకు టీ తెప్పించాడు.

రెండోది గోడకి.
ఏదో మెలోడీ పార్టీ మూతపడితే వచ్చిందట.
రేషను కిరసనాయిలు నీలం.
ఎవడిదో మోచెయ్యి ఆనిన చోట రంగు పోయి
చెక్క బయటపడింది.
కుడిచేతి వాళ్ళది. ఎనిమిది వేలు.
దించి, తిరగేసి పట్టుకున్నాను.
"తలకిందులు పట్టావమ్మాయ్" అన్నాడు.
"నేనూ అంతే" అన్నాను.

పుర్రచెయ్యి నాది.
పప్పన్నం కలిపినప్పుడల్లా
మామ్మ గరిటె కాడ నా మణికట్టు మీద పలికేది.
బళ్ళో ఒడియా అక్షరాలు కుడిచేత్తో గుండ్రంగా దిద్దాను,
ఇంట్లో తెలుగు మాత్రం
ఎవరూ చూడకుండా ఎడమచేత్తో.
క కి కొమ్మిస్తే కు.
కొమ్ముదీర్ఘమిస్తే కూ.
పర్లాకిమిడి స్టేషన్లోకి రైలొచ్చినప్పుడల్లా
పలక నిండా అదే.

ఇక మరమ్మతు.
పట్టీ తగిలించే బొడిపెని
గిటారు ఈ కొమ్ము నుంచి ఆ కొమ్ముకి మార్చాను.
పాత బెజ్జంలో అగ్గిపుల్ల, జిగురు.
తీగలన్నీ విప్పి వరస తిప్పాను,
లావుది పైకి, సన్నది కిందకి.
మీటగానే
లావుతీగ సన్నటి గాడిలో ఇమడక గట్టెక్కి కూర్చుంది,
సన్నది లావు గాడిలో
అన్నయ్య చొక్కా తొడుక్కున్న పిల్లాడిలా ఊగులాడింది.
మెడ చివర ఆ తెల్ల ప్లాస్టిక్ ముక్క
వేలెడంత లేదు,
అదొప్పుకుంటే గాని ఏదీ ఒప్పుకోదు.

నటబర మహారణా అరుగు మీద
కొంగ సగమయింది, రొయ్యకింకా మీసాలు రాలేదు.
సెగకి మెత్తబడుతున్న గేదెకొమ్ము
కాలిన వెంట్రుకల వాసన.
ప్లాస్టిక్ ముక్కని గోరు మీద పెట్టుకు చూశాడు.
"ఏటమ్మా, ఇంత కరెంటు సామానుకి గేదెకొమ్మా?"
తర్వాత గాళ్ళు లెక్కపెట్టి
"దువ్వెన" అన్నాడు. "దువ్వెనే ఇది."
కొలబద్ద తియ్యలేదు.
ఆరు తీగముక్కలు అడిగి పుచ్చుకుని
ఏ తీగతో ఆ గాడి కోశాడు.

మొదటిది చెడింది.
రెండో గాడి వెంట్రుకవాసి లోతెక్కువై
ఉత్తతీగ మీటితే కందిరీగ.
దాన్ని రొయ్య కింద ఎత్తుకి పెట్టేసి
మళ్ళీ మొదలెట్టాడు.
దువ్వెన ధరే తీసుకున్నాడు.
రెండు దువ్వెనల ధర.

రాత్రి, సైకిలు షాపు నుంచి తెచ్చిన ఎలెన్ కీతో
మెడలోపలి కడ్డీకి పావుచుట్టు.
ఆగాను. చెక్క చెప్పగానే వినదు.
పొద్దున్న ఇంకో వీసం చుట్టు.
పన్నెండో మెట్టు దగ్గర
తాకితే పలికేదీ నొక్కితే పలికేదీ
ఒకటయ్యేదాకా స్క్రూడ్రైవరు.
ఐదు తీగలు దారికొచ్చాయి.
మూడోది ఇప్పటికీ ఒక్క పిసరు అబద్ధమాడుతుంది.

ఆంప్లిఫయరు పెడితే ఒకటే హోరు.
తీగల మీద చెయ్యేస్తే ఆగుతుంది,
తీస్తే మొదలు.
నాన్న ఊరందరికీ వైరింగు చేసే మనిషి,
విని తల గోక్కున్నాడు.
"మనింటికి ఎర్తు లేదే. నువ్వే ఎర్తు."
ఆదివారం పెరట్లో గొయ్యి తవ్వి
బొగ్గు, ఉప్పు, మళ్ళీ బొగ్గు, మళ్ళీ ఉప్పు,
పైన రెండు బిందెల నీళ్ళు.
మామ్మ గుమ్మంలోంచి,
"ఏ ఊరగాయరా అది?"

ఇప్పుడు
హోరు లేదు.
గోడ మీద బల్లి కదిలినా వినిపిస్తుంది.
ఎడమచేత్తో లావుతీగ ఒక్కటే మీటాను.
గేదెకొమ్ము గాడిలోంచి లేచి
నీలం చెక్కంతా పాకి
డొక్కకి తగిలి
వీధిలోకి
కూ అని,
దీర్ఘం ఇంకా తీరలేదు,

మామ్మ వంటింట్లోంచి వచ్చి నిలబడింది.
చేతిలో గరిటె.
నా చెయ్యి చూస్తోందో, వింటోందో.